మిగిలినదానికి బొమ్మ లేదు

"అన్నం ఎట్ల తినల్లో కంప్యూటర్లో నేర్పిస్తావా? మా యమ్మ యాడ సదివింది? మమ్మల్ని సాకలేదా?"

పొద్దున్నే సంగటిముద్ద పులుసులో అద్దుకుంటూ అమరావతితో మొగుడు మునిరత్నం అన్న మాట ఇది. పక్కన అత్త సావిత్రమ్మ నవ్వింది. అమరావతి కుండకి అంటుకున్న మాడుచెక్కను గీరి నోట్లో వేసుకుని, పుంగనూరు నుంచి మదనపల్లెకి పోయే బస్సు కోసం పరుగెత్తింది.

మదనపల్లె కాలేజీలో ఆమె హోంసైన్సు లెక్చరరు. తంబళ్లపల్లె చేలల్లో చెనక్కాయలు పెరికిన కూలితో అమ్మ చదివిస్తే, ఆ ఇంట్లో మొదట డిగ్రీ పట్టుకున్న మనిషి. 2003లో యూనివర్సిటీ పిల్లలందరికీ పనికొచ్చేలా పోషకాహార పాఠాలు ఇంటర్నెట్టులో పెట్టాలని పైనుంచి పెద్దలు అన్నారు. "వంట మీకు అలవాటే కదమ్మా, మీరే చూసుకోండి" అని శాఖాధిపతి శివకుమార్ సారు ఆ పని ఆమె నెత్తిన పెట్టాడు. వంట వస్తే వెబ్ పేజీ వస్తుందా? రాదు. బస్టాండు దగ్గరి నెట్ సెంటరులో కూర్చుని, తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకుంది.

పేజీ ముచ్చటగా వచ్చింది. మధ్యలో ఖాళీ కంచం. చుట్టూ సంగటి, పప్పు, గుడ్డు, ఆకుకూర, చెనక్కాయల బొమ్మలు. నిన్న తిన్నవాటి మీద నొక్కితే కంచం నిండుతుంది. ఒంటికి అందిన ఇనుమెంతో, మాంసకృత్తులెన్నో కింద చెబుతుంది. క్లాసులో పిల్లలచేత నొక్కించి చూసింది. మేడ మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుని నిలబడే వెన్నెల కూడా నొక్కింది. ఆ పిల్ల కనురెప్ప లోపల ఎరుపన్నదే లేదు. తెర మీద మాత్రం 'ఇనుము చాలినంత అందింది' అని వచ్చింది.

"నిన్న గుడ్డు తిన్నావా వెన్నెలా?"

"అది మా తమ్మునికి మేడమ్."

"మరి దాని మీద యాల నొక్కినావు?"

"ఇంట్లో వండినాము గదా మేడమ్. నేనే వండినా."

"నువ్వు తినింది ఏమి?"

ఆ పిల్ల తెర మీది బొమ్మలన్నీ వెతికింది. "మిగిల్నింది తిన్నా మేడమ్. దానికి ఈడ బొమ్మ లేదు."

ఆడపిల్లలు గొల్లున నవ్వారు. నవ్వు ఆగాక ఒకరి తర్వాత ఒకరు తామూ ఇంట్లో వండినవే నొక్కామన్నారు.

అమరావతికి ముందు తన మీదే మండింది. ఆ బొమ్మలన్నీ తన వంటింట్లో ఫోటోలు తీసినవే. ప్రతి పదార్థాన్నీ తూచింది, కంచాన్ని తోమి మెరిపించింది. మరి ఆ ఇంట్లో తన కంచం ఏది? పెళ్లయి వచ్చిన నాటి నుంచీ కుండలోనే తింటోంది. ఆ సంగతి మాత్రం ఇన్నాళ్లూ ఆమెకే తట్టలేదు. 'ఆడది ముందు తింటే ఇంట్లో గింజ నిలవదు' అని అత్త అన్నప్పుడు తల వంచింది. ఆమెకి పాఠం చెప్పిన పుస్తకాలు ఏం రాశాయి? స్త్రీలలో రక్తహీనతకు కారణం అజ్ఞానం. అజ్ఞానమా! గుడ్డు ఉడకబెట్టి, పెంకు ఒలిచి, ఉప్పు చల్లి తమ్ముడి కంచంలో పెట్టిన పిల్లకి గుడ్డులో ఏముందో తెలియదా? తెలియనిది ఎవరికి? ఒలిచిందెవరని అడగకుండా మింగిన వాళ్లకి కాదా?

ఆ సాయంత్రం అత్తను అడిగింది. "పొద్దున ఏం తిన్నావత్తా?"

"సంగటి, అనప గింజల పులుసు, కోడిగుడ్డు."

"గుడ్డు నువ్వు తిన్నావా?"

"నాకెందుకమ్మే గుడ్డు, ముసిల్దాన్ని. మగోళ్లు తినల్ల గానీ." అనేసి, తన మాట తనకే వింతగా తోచినట్టు సావిత్రమ్మ చేట అందుకుని వాకిట్లోకి వెళ్లిపోయింది.

పేజీలో అమరావతి ఇంకో బొమ్మ చేర్చింది. అడుగు గీరిన కుండ. దాని మీద నొక్కితే 'మీకంటే ముందు ఎవరు తిన్నారు?' అని అడుగుతుంది. జవాబు చెప్పేకొద్దీ కంచంలోని బొమ్మలు ఒక్కొక్కటే మాయమవుతాయి. ఈసారి వెన్నెల కంచంలో సంగటి మాడు, రెండు బొట్ల పులుసు మిగిలాయి. ఎవరూ నవ్వలేదు.

పాఠాలు చూడటానికి యూనివర్సిటీ పెద్దలు కుప్పం వస్తున్నారనగానే సారు, "మీ చేతి సంగటి, నాటుకోడి పులుసు వాళ్లకి రుచి చూపించాలమ్మా" అన్నాడు. కోడికూతకి లేచి వండి, క్యారియర్లు మోసుకుంటూ పలమనేరులో బస్సు మారి వెళ్లింది. అక్కడ తెర మీద మొదటి పేజీలో 'రచన: డాక్టర్ శివకుమార్' అని పెద్దక్షరాలు. కింద చిన్నగా, 'సహాయం: అమరావతి'. ఆయన చెబితే ఆమె చేత్తోనే కొట్టిన అక్షరాలు. పెద్దలు చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు సారు కుండ బొమ్మ చూశాడు.

"ఇదేందమ్మా? పాఠం చెప్పమంటే ఇండ్లల్లో కొట్లాటలు పెడతాండారే! తీసేయండి. తీసేసి బిరీన వడ్డించండి, పెద్దోళ్లు ఆకలితో ఉండారు. మీరు తర్వాత తిందురు గానీ."

తర్వాత. ఆ ఒక్క మాట దగ్గర ఆమె ఆగిపోయింది.

"రచన మీదే గదా సార్, మీరే తీయండి" అంది.

ఆయన మౌస్ మీద చెయ్యి వేశాడు. బాణం తెర మీద అటూ ఇటూ తిరిగి ఎక్కడికీ చేరలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఈలోగా అమరావతి క్యారియర్ మూత తీసి, పేర్చి ఉన్న కంచాల్లోంచి ఒకటి తనకని తీసుకుని, అందులో ఒక ముద్ద పెట్టుకుని, పులుసు పోసుకుని, మంచి ముక్కే ఏరి వేసుకుంది. తలుపు దగ్గర పెద్దలు నిలబడి చూస్తున్నారు.

"కూర్చోండి సార్, గరిటె ఆడనే ఉండాది" అంది వాళ్లతో. "నేను తినేసి వచ్చి, ఆ కుండ దగ్గర్నుంచే పాఠం మొదలుపెడతా."