ఉత్తరపు వాలులో సన్నచెట్లు

మా మామయ్యతో వాదించడం కన్నా గోడతో మాట్లాడటం నయం. గోడ కనీసం విసుక్కోదు. ఆయన మా అమ్మకు స్వయానా తమ్ముడు, అడవిలో చెట్లు లెక్కపెట్టే మా సర్వే బృందానికి పెద్ద. ఇంట్లో నన్ను నెత్తిన పెట్టుకుంటాడు, ఆఫీసులో మాత్రం నా ముఖం చూస్తేనే చిరాకు పడతాడు.

మా సర్వే చలికాలం చివర్లో, చెట్లు కొత్త ఆకులు వేయకముందే అయిపోవాలి. ఆకులు అడ్డు లేకపోతే పని తేలిక. ఛాతీ ఎత్తున మానుకు టేపు చుట్టి, దాని మీది ఎర్రగీత దాటేంత లావుంటేనే ఆ చెట్టును లెక్కలోకి తీసుకుంటాం. సన్నవన్నీ మామయ్య దృష్టిలో పిల్లలు, పిల్లలకు ఓటు లేదు. ఆ గీత పెట్టింది ఆయనే.

లోయలో రకరకాల చెట్లుంటాయి. పైకి ఎక్కేకొద్దీ చలి పెరిగి రకాలు తగ్గిపోతాయి. అది మామూలే. కానీ కొండ ఉత్తరపు వాలులో మా లెక్కకు ఫర్, బిర్చ్ రెండే తేలాయి. అంత బీద అడవిని ఉంచి లాభం లేదని, మొత్తం కొట్టేసి త్వరగా పెరిగే పైన్ ఒక్కటే నాటాలని మా పై అధికారిణి నిర్ణయించారు. సోమవారం రంపాలు దిగుతాయి. నాకు మనసొప్పలేదు, కానీ చేతిలో మా లెక్క తప్ప ఇంకేమీ లేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు మేడ మీద కప్పులు కడుగుతూ కిటికీలోంచి చూశాను. వాన వెలిసి, మబ్బు విడిపోయి, వాలంతా కనిపిస్తోంది. ఆకులు రాలే ముందు రంగు తిరిగే రోజులవి. ఫర్ ముదురాకుపచ్చ, బిర్చ్ పసుపు. మరి ఆ ఎరుపు ఎక్కడిది? దాని పక్కన ఆ గోధుమరంగు?

"మామయ్యా, ఒకసారి ఇలా రా."

"టీ ఇక్కడికే తెచ్చెయ్."

"టీ కాదు. ఆ ఎర్రగా ఉన్నదేంటో చెప్పు."

వచ్చి చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"పిల్లచెట్లు. కింద నుంచి గింజ ఎగిరొచ్చి పడుంటుంది. ఆ చలికి నాలుగేళ్ళు కూడా బతకవు."

"చచ్చినవి ఎప్పుడైనా చూశావా?"

ఆయన వెళ్ళి కోటు తగిలించుకున్నాడు. ఓడిపోవడంలో మా మామయ్య పద్ధతి అది.

పైకి చేరేసరికి ఇద్దరికీ ఆయాసం. బండల మధ్య మేపుల్ ఒకటి, మణికట్టంత మాను, ఎత్తు మామయ్య తల దాటలేదు. ఇంకాస్త పైన ఓక్, దాని వెనక అడవి చెర్రీ, అన్నీ అంతే సన్నం. ఆయన సంచిలోంచి బోలు బరమా తీశాడు. అది మానులోకి దిగి పుల్లంత ముక్కను పట్టి తెస్తుంది. అందులో వలయాలు లెక్కపెడితే చెట్టు వయసు తెలుస్తుంది. దాన్నెప్పుడూ లావు చెట్లకే వాడేవాళ్ళం.

మేపుల్ ముక్కలో వలయాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. మామయ్య కళ్ళద్దాలకు ఆనలేదు. భూతద్దం పెట్టి నేనే లెక్కపెట్టాను.

"ఎంతొచ్చింది?"

"నీ వయసు దాటిపోయింది. ఇంకా ఉన్నాయి."

మామయ్య తడి బండ మీద అలాగే కూలబడ్డాడు.

"ఈ చలిలో దానికి లావెక్కే తీరికెక్కడిదే? బతకడానికే సరిపోయింది," అన్నాడు మెల్లగా. "లోయలో చెట్లకు పెట్టిన గీత తెచ్చి దీని మెడకు కట్టాను. తప్పు నాదే."

ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదలు. దెప్పుదామనుకున్నదాన్ని, వెళ్ళి ఆయన పక్కనే ఆ తడి బండ మీద కూర్చున్నాను.

అక్కడి నుంచే అధికారిణికి ఫోన్ చేశాడు. నీళ్ళు నమలలేదు, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆవిడ అంతా విని, "మీ సర్వే తప్పని మీరే అంటుంటే నేను రంపాలు ఎలా పంపిస్తానండీ? ఆపిస్తాను. మంచు పడేలోగా మళ్ళీ లెక్క తీసి ఇవ్వండి," అన్నారు.

మామయ్య లేచి, కొత్త లెక్క మొదలుపెట్టడానికి టేపు పట్టుకుని మేపుల్ దగ్గరికి వెళ్ళాడు. నడుం వంచి, దాని చుట్టూ టేపు తిప్పుతూ, నాకు వినపడదనుకుని చెట్టుతో, "ఏమనుకోకండి, ఒక్క నిమిషం," అన్నాడు.