క్యాబేజీల సంతలో మిగిలిన గంట

వాన ఉన్నా లేకున్నా మిలాడా చేతిలో ఆకుపచ్చ గొడుగు ఉండేది. వెనక నడిచే యాత్రికులకు అదే గుర్తు. పొద్దున సెయింట్ జేమ్స్ చర్చి ముందు గుంపును పోగు చేసుకుని, స్వేచ్ఛా కూడలి మీదుగా పాత నగరసభ భవనానికి తీసుకెళ్ళి, దాని వాకిట్లో గొలుసులకు వేలాడే మొసలిని చూపించేది. బ్ర్నో ఊరి జనం దాన్ని డ్రాగన్ అంటారు. ఇది మొసలి కదండీ అని ఎవరైనా అంటే, "మీకు మొసలి, మాకు డ్రాగన్" అని ముందుకు నడిచేది. ఆ పక్క సందు దాటితే క్యాబేజీల సంత. పదకొండు కొట్టేసరికి గుంపు అక్కడ ఉండాలి. ఏడాదిగా ఈ నియమం తప్పలేదు.

దీనివల్ల ఆమెకు చివాట్లు కూడా పడ్డాయి. స్వేచ్ఛా కూడలిలో నల్లరాతి గడియారం ఒకటుంది. సరిగ్గా పదకొండుకు దాని కన్నాల్లో ఒకదాంట్లోంచి గాజు గోలీ జారుతుంది. దాన్ని పట్టుకోవడానికి జనం ముందుగానే వచ్చి కన్నాల్లో చేతులు దూర్చి నిలబడతారు. మిగతా గైడ్లందరూ ఆ వేళకు తమ గుంపుల్ని అక్కడే ఉంచుతారు. మిలాడా గుంపులో ఎవరికీ ఎప్పుడూ గోలీ దొరకలేదు. ట్రావెల్ ఆఫీసువాళ్ళు పిలిచి అడిగితే, గోలీలు బొమ్మల కొట్లో కూడా దొరుకుతాయి అంది.

పదకొండుకు పేత్రోవ్ కొండమీది చర్చిలో మధ్యాహ్నపు గంటలు మోగుతాయి. అలా ఎందుకు మోగుతాయో ఆమె రోజూ చెప్పేది. వెనకటికి స్వీడన్ సేన ఊరిని ముట్టడించినప్పుడు, మధ్యాహ్నంలోగా కోట చేజిక్కకపోతే వెళ్ళిపోతానని సేనాపతి మాటిచ్చాడట. ఊరి వాళ్ళు పదకొండుకే పన్నెండు కొట్టేశారు. సేన మూటాముల్లె సర్దుకుని పోయింది. యాత్రికులు నవ్వేవాళ్ళు, ఫొటోలు తీసుకునేవాళ్ళు. దొంగ పన్నెండుకీ అసలు పన్నెండుకీ నడుమ మిగిలిపోయిన ఆ కాస్త సమయం ఏమైపోయిందని ఒక్కరూ అడిగేవాళ్ళు కాదు. ఊళ్ళోవాళ్ళకు అడగాల్సిన పని లేదు. అది క్యాబేజీల సంతలోనే ఉంది.

ఆ గంటసేపు సంతలో ఏదీ వాడదు, కరగదు, కుళ్ళదు. పదకొండు కొట్టగానే కూరగాయలవాళ్ళు నీళ్ళ క్యాన్లు కింద పెట్టి కాఫీలకు కూర్చుంటారు. ఎంత ఎండలోనైనా పిల్లల చేతుల్లో ఐస్‌క్రీం ఒక్క చుక్క కారదు. బ్ర్నోలో ఐస్‌క్రీం భలే చేస్తారని పైఊళ్ళవాళ్ళు మెచ్చుకుని పోతారు. పన్నెండు కాగానే సంతంతటా నీళ్ళ క్యాన్లు ఒక్కసారి పైకి లేస్తాయి. గడియారం చూసుకోనక్కర్లేదు.

ఆ గంట కోసమే మిలాడా రోజూ భర్తను టాక్సీలో తెచ్చి, ఫౌంటెన్ దగ్గర కూరగాయలమ్మే హెద్వికా కొట్టు పక్కన మడత కుర్చీలో కూర్చోబెట్టి పనిలోకి వెళ్ళేది. యారోమీర్ రిటైరైన ట్రాము డ్రైవరు. గుండెలో ఒక కవాటం గట్టిపడిపోయింది. మెట్లెక్కలేడు, వెల్లకిలా పడుకోలేడు, ఒక వాక్యం మధ్యలో రెండుసార్లు ఆగుతాడు. కవాటం మార్చాలన్నారు డాక్టర్లు. మార్చకపోతే వచ్చే శీతాకాలం చూడడం కష్టమని, మార్చేటప్పుడు కూడా ఏమైనా కావచ్చని, రెండూ ఒకే గొంతుతో చెప్పారు.

మిలాడా వాళ్ళన్న ఇలాంటి ఆపరేషనుకే నడుచుకుంటూ లోపలికి వెళ్ళి, మొహం మీదిదాకా దుప్పటి కప్పుకుని బయటికొచ్చాడు. అందుకని ఆసుపత్రివాళ్ళు మొదటిసారి తారీఖు ఇస్తే భర్తకు జలుబు చేసిందంది. రెండోసారి జ్వరమంది. ఆయనకు ఆ సంగతులు చెప్పలేదు. సంతలో ఆయన్ని చూస్తే ఎవరికైనా ఆపరేషనెందుకనే అనిపిస్తుంది. ఆ గంటలో ఆయన పెదాల రంగు మారదు, ఆయాసం పెరగదు, హెద్వికాతో పరాచికాలాడుతూ ఉంటాడు. రోజుకో గంట జబ్బు ముందుకు కదలదు కదా, ఆ మేరకు మనకు లాభమేనని మిలాడా తనకు తాను చెప్పుకునేది. పన్నెండుకు కాస్త ముందే ఆమె గుంపును తీసుకుని కపూచిన్ మఠం నేలమాళిగకు వెళ్ళాలి. అక్కడ ఎండిపోయిన సన్యాసుల దేహాలు వరసగా పడుకుని ఉంటాయి. వాటిని చూపించి తిరిగొచ్చేసరికి ఒంటిగంట అయ్యేది. అప్పటికి యారోమీర్ కుర్చీలో కునుకు తీస్తూ కనబడేవాడు.

ఆదివారం కూతురు రేనాటా వచ్చింది. సూపు వడ్డిస్తూ ఉండగా తారీఖు ఇచ్చారా అని అడిగింది. వాళ్ళే వాయిదా వేస్తున్నారే, మనమేం చేస్తాం అంది మిలాడా. యారోమీర్ తలెత్తలేదు. సూపులోని పిండి ఉండను చెంచాతో అటూ ఇటూ దొర్లించాడు. రేనాటా బడిలో లెక్కలు చెబుతుంది. తల్లి మొహం వైపు ఒకటికి రెండుసార్లు చూసి, రొట్టె తుంచుకుంది.

సోమవారం మిలాడా మొసలి కింద నిలబడి ఉండగా ఆసుపత్రినుంచి ఫోనొచ్చింది. గురువారం ఖాళీ ఉంది, ఇది మూడోసారి, ఈసారి కూడా కాదంటే పేరు వరస చివరికి పోతుంది, సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పండి అంది అటువైపు మనిషి. సరేనండి చెబుతాను అని మిలాడా ఫోను సంచిలో పడేసి, మొసలి గురించి చెప్పాల్సిన నాలుగు ముక్కలూ చెప్పింది. చెప్పాల్సిన జవాబు కూడా అప్పటికే అనుకుంది. దగ్గు.

ఆ రోజు గుంపంతా ఒలొమోత్స్ నుంచి వచ్చిన పెన్షనర్లు. సంత చూడడం అయ్యాక నేలమాళిగ వైపు నడిపించబోతే, వాళ్ళలో ఒక పెద్దావిడ చేతికర్ర నేలకు ఆనించి ఆగిపోయింది.

"పోయినవాళ్ళని చూడ్డానికి టికెట్టు కూడా కొనాలా, అమ్మాయ్? మా వీధికి రా, ఊరికే చూపిస్తాను."

అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళెవరికీ నేలమాళిగ మీద మనసు లేదు. బీరు ఎక్కడ బాగుంటుందో అడిగి తెలుసుకుని ఆ దారిన పోయారు. ఏడాదిలో మొదటిసారి మిలాడాకు పన్నెండుకు ముందు పని లేకుండా పోయింది. వెళ్ళి భర్త పక్కన బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుంది.

యారోమీర్ ఉషారుగా ఉన్నాడు. హెద్వికా పేర్చిన నూల్‌కోల్ దుంపల్లో ఒకటి చేతిలోకి తీసుకుని, అచ్చం మా డిపో మేనేజరు తలకాయే, కాకపోతే దీని లోపల ఏదో ఉంది అన్నాడు. హెద్వికా నవ్వలేదు. ఆమె చూపు కొట్టు ముందున్న గడియారం మీద ఉంది.

"మిలాడా, నాకో రొట్టె తెచ్చిపెడతావా? ఆ మూల కొట్లోది, సోంపు వేసింది" అంది హెద్వికా.

"ఇప్పుడేగా రొట్టె తిన్నావు."

"ఇంటికి."

"వెళ్ళేటప్పుడు తెస్తాలే."

యారోమీర్ అందుకున్నాడు. పొద్దుట్నుంచీ నడుస్తున్నావు, నువ్వైనా వెళ్ళి ఏదైనా వేడిగా తిను, నేనెక్కడికి పోతాను అన్నాడు. ఇద్దరూ కలిసి తనని అక్కడ్నుంచి పంపించాలని చూస్తున్నారని మిలాడాకు అర్థమైంది. లేవలేదు. గొడుగు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని ఇంకాస్త గట్టిగా కూర్చుంది.

సంతంతటా క్యాన్లు పైకి లేచాయి. ముందు లెట్యూస్ ఆకుల అంచులు వాలాయి. ఎదురుగా ఒక పిల్ల చేతిలో ఐస్‌క్రీం మోచేతిదాకా కారింది. హెద్వికా మాత్రం క్యాను అందుకోలేదు. కొట్టు వెనకనుంచి తొందర లేకుండా వచ్చి యారోమీర్‌కి ఎదురుగా నిలబడి, దారిన పోయేవాళ్ళకు ఆయన కనబడకుండా తన ఆప్రాను వెడల్పుగా పట్టుకుంది. రెండో చేత్తో ఆయన భుజాన్ని కుర్చీకి అదిమింది.

గంటసేపు ఆగిన ఆయాసమంతా ఒక్కసారి ఆయన మీద పడింది. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. చేతులు కుర్చీ పిడుల్ని బిగించి పట్టుకున్నాయి. నోరు తెరిచి ఉంది, గాలి మాత్రం లోపలికి పోతున్నట్టు లేదు. నూల్‌కోల్ దుంప దొర్లి ఫౌంటెన్ గట్టుకు తగిలి ఆగింది. మిలాడా లేచి నిలబడింది కానీ ఆమె చెయ్యడానికక్కడ ఏమీ లేదు. హెద్వికాకు ఎక్కడ పట్టుకోవాలో, ఎంతసేపు పట్టుకోవాలో బాగా తెలుసు. చాలాసేపటికి ఆయన ఛాతీ ఒకసారి పైకి లేచింది, తర్వాత ఇంకోసారి.

"రోజూ ఇంతేనా?" అడిగింది మిలాడా.

"మొన్న నయం" అంది హెద్వికా. అప్పుడు వెళ్ళి క్యాను తీసుకుంది.

"ఒక్కమాట చెప్పొచ్చుగా నాకు."

"చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. అయినా నీకు కళ్ళు లేవా? టమాటా నారు నేను రోజూ పదకొండులోపే బండెక్కించి పంపేస్తానుగా, ఎందుకనుకున్నావు? ఈ గంటలో నారు వాడదు. ఎదగదు కూడా. ఊరికే ఆగుతుంది. ఆగినదంతా పన్నెండుకు వచ్చి మీద కూర్చుంటుంది." లెట్యూస్ మీద నీళ్ళు చిలకరించింది. "ఆకుకూరకైతే నా దగ్గర నీళ్ళున్నాయి."

యారోమీర్‌కు మాట రావడానికి ఇంకొంచెం సమయం పట్టింది. మిలాడా ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుని, మరి ఎందుకొస్తున్నావు ఇక్కడికి, నేను రమ్మంటే మాత్రం రావడమేనా అంది. కోపంగానే అంది. ఆమెకు భయం వేసినప్పుడల్లా అది కోపంలాగే బయటికొస్తుంది.

"ఇంట్లో నువ్వు రాత్రీ పగలూ నా ఊపిరి వింటూ కూర్చుంటావు" అన్నాడు ఆయన ఆగి ఆగి. "ఇక్కడ ఈ గంటే... వినవు. ఆ దూరంనుంచి గొడుగు ఊపుకుంటూ వస్తావు, వెనక అంతమందిని వేసుకుని. బాగుంటావు." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఆసుపత్రివాళ్ళు ఇంటి ఫోనుకి కూడా చేశారు, మిలాడా. నా జలుబు తగ్గిందా అని అడిగారు."

"ఏం చెప్పావు?"

"తుమ్మాను."

హెద్వికా మొహం పక్కకు తిప్పుకుంది. మిలాడాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. సంచిలోంచి ఫోను తీసి అక్కడే, తడిరాళ్ళ మీద నిలబడి, గురువారానికి వస్తున్నాం అని చెప్పింది. ఆ తర్వాత రేనాటాకు చేసింది. అది ఇంకా కష్టమైంది. కూతురు అరవలేదు. "నాన్నకు బట్టలు నేను సర్దుతానమ్మా, నువ్వు ఇంకేం చెయ్యకు" అంది.

గురువారం తెల్లవారగానే ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. చక్రాల మంచం మీద తీసుకెళ్తుంటే యారోమీర్ పాత ట్రాము అలవాటు కొద్దీ తలుపులు మూసుకుంటున్నాయి, జాగ్రత్త అన్నాడు. మంచం తోసేవాడికి అర్థం కాలేదు. తలుపులు మూసుకున్నాయి.

వసారాలో బెంచీ ఉంది. రేనాటా కూర్చుంది. మిలాడా వల్ల కాలేదు. కాసేపు కిటికీ దగ్గర, కాసేపు మెట్ల దగ్గర నిలబడి, ఇప్పుడే వస్తానని బయటపడింది. ఎటు వెళ్తున్నదీ ఆమె అనుకోలేదు. చేతిలో గొడుగు లేదు, వెనక ఎవరూ లేరు. ఏడాదిగా ఆ వేళకు ఎటు నడిచాయో కాళ్ళు అటే నడిచాయి. సంతలో కాలు పెట్టేసరికి పేత్రోవ్ మీద గంటలు మొదలయ్యాయి.

క్యాన్లు కిందికి దిగాయి. హెద్వికా మడత కుర్చీ తెరిచి వేసింది. మిలాడా కూర్చుంది. పొద్దుటినుంచీ తొలుస్తున్న భయం అక్కడికక్కడ ఆగిపోయింది. పోలేదు. ఎక్కడున్నది అక్కడే, కదలకుండా. ఆయన అక్కడ కూర్చుని ఏం అనుభవించేవాడో ఆమెకు మొదటిసారి తెలిసింది. హాయిగానే ఉంది. ఇక్కడ ఇలాగే కూర్చుంటే ఏ కబురూ రాదు. ఆ తలుపుల వెనక ఆయన బతికీ ఉండడు, పోయీ ఉండడు. ఎదురుగా ఐస్‌క్రీం పట్టుకుని ఎవరో పిల్లవాడు పావురాల వెంట పరుగెడుతున్నాడు.

హెద్వికా కాఫీ తెచ్చి చేతికిచ్చింది. "పన్నెండుదాకా ఉండు. ఇక్కడున్నంతసేపూ ఏదీ చెడదు."

మిలాడా కాఫీ సగం తాగింది. "బాగూ పడదుగా" అంది.

లేచి, కుర్చీ మడిచి, కొట్టుకు ఆనించి పెట్టింది. హెద్వికా ఆపలేదు. కాఫీ కప్పు మాత్రం ఇచ్చి పొమ్మంది, అది తన ఇంట్లోది.

సంత చివర రాళ్ళు ఆగి తారురోడ్డు మొదలయ్యే చోట ఆమె సంత దాటింది. ఆగినదంతా మీద పడింది. మందుల దుకాణం గోడ పట్టుకుని, భర్త కుర్చీ పిడుల్ని పట్టుకున్నట్టే పట్టుకుని, నోరు తెరిచి నిలబడింది. ఏమైందండీ అని ఎవరో ఆగి అడిగారు. ఏం లేదండి, సంతలోంచి వస్తున్నాను అంది. ఆ మనిషి అర్థమైనట్టు తలూపి వెళ్ళిపోయాడు.

గోడ పట్టుకుంటూ ఆసుపత్రి మలుపుదాకా వచ్చింది. అక్కడ ఫోను మోగింది. రేనాటా.

"అమ్మా, ఎక్కడున్నావ్? మధ్యలో గుండె ఒకసారి మొరాయించిందట. మళ్ళీ అందుకుందన్నారు. కవాటం పెట్టేశారు. ఇప్పుడే చూపించారు." కూతురు ముక్కు ఎగబీల్చింది. "ఇంకా రెండు రోజులు గడవాలట, ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు. పెదాలు మాత్రం... ఎర్రగా ఉన్నాయే."

మిలాడా వస్తున్నానంది. వెనక కొండకింద సంతలో ఎవరూ ఇంకా క్యాను ఎత్తలేదు. ఆ గంటలో ఇంకా కొంత మిగిలే ఉంది. ఆమె రోడ్డు దాటి ఆసుపత్రి మెట్లెక్కింది.