కరువు ఆట

పాఠం పెడితే ఆవలింతలు, ఆట పెడితే కేరింతలు! కర్నూలు శివారు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పే ఓబుళేశు సారు ఈ అర్థం గ్రహించాక, అటెండెన్సు ఎగ్గొట్టేవాళ్లంతా 'ఆటెండెన్సు'కు ఎగబడ్డారు. సారు గుబులల్లా హనుమేష్ గురించే. కోసిగి పిల్లవాడు. అమ్మానాన్నలు సుగ్గికి, అంటే కూలి వలసకు, గుంటూరు మిరప చేలకు పోయారు. వాణ్ణీ రమ్మని రోజూ ఫోన్లు. పోతే హాజరు చాలదు, పరీక్ష రాయనివ్వరు, డిగ్రీ గంగలో కలిసినట్టే. అదీ నీళ్లున్న గంగ దొరికితే! వాణ్ణి క్లాసులో కట్టిపడేయాలనే సారు 'కరువు ఆట' కనిపెట్టాడు.

పాచికలో ఆరు పడితే వాన. పడకుంటే ముందు ఎద్దులు అమ్మాలి, తర్వాత పొలం. రెండూ పోయినవాడు సుగ్గికి పోయినట్టు లెక్క. గది దాటి వరండాలో నిలబడాలి.

హనుమేష్‌కు ఎద్దులు పోయాయి. పొలం పోయింది.

"వాన పడకున్నా వీని పాచిక మాత్రం బాగా పడ్తాండాది! ఏమప్పా, సుగ్గికి పోతాండావా? వచ్చేటప్పుడు దుడ్లు తే!" అన్నాడు వెనక బెంచీ ఏసుకుమార్.

హనుమేష్ నవ్వలేదు. జేబులోంచి ఎర్రదారం కట్టిన తాళంచెవి తీసి, రెండు చేతులతో సారుకిచ్చాడు.

"మా ఇంటిది సార్. మీకాడ పెట్టుకోండి."

సంచి భుజాన వేసుకొని బయటికి నడిచాడు. గదంతా చప్పట్లు.

"నటనంటే ఇదిరా! పది మార్కులు!" సారు గొంతు అందరికంటే పైన.

వాడి ఊరిదే అయిన రమణి మాత్రం చేతులు కలపలేదు.

"ఎవురికేస్తారు సార్ మార్కులు? సుగ్గికి పోయేటోళ్లు ఇంటి తాళంచెవి ఊర్లో నిలబడేటోళ్లకిచ్చి పోతారు. వాళ్లమ్మ వానికిచ్చి పాయ. వాడు మీకిచ్చె. మా పక్క దాంతో ఎవురూ ఆడరు."

సారు వరండాలోకి ఉరికాడు. ఎవరూ లేరు. గేటు అవతల, మూటలూ మనుషులూ కిక్కిరిసిన బొలేరో దుమ్ములో కలిసిపోతోంది. ఫోన్ చేస్తే స్విచాఫ్. సారు తాళంచెవి గుప్పిట పట్టుకొని గది వైపు నడిచాడు.

వెనక్కొచ్చేసరికి పిల్లలు ఆట ఆపనే లేదు. పాచిక రమణి చేతిలో ఉంది. దొర్లించింది. ఆరు పడలేదు. ఎద్దుల వెనకే పొలమూ పోయింది.

"ఆపండ్రా! ఆట అయిపాయ!"

"మా వాళ్లు గూడా రమ్మంటాండారు సార్. మా ఇంటి తాళంచెవి వానికిచ్చి పోదామనుకుంటి. వాడే ముందర పాయ."

ఆమె చెయ్యి సంచిలోకి పోయింది.