బామ్మ పేరు లేని జాబితా

బామ్మ చదువు రెండో తరగతి దగ్గరే ఆగిపోయింది గానీ, జ్ఞాపకశక్తి మాత్రం ఎక్కడా ఆగలేదు. చుట్టాల్లో ఎవరికి ఏ జబ్బో, ఏ డాక్టరు ఎవరిని ఎలా తిట్టాడో అంతా నాలుక చివరే ఉంటుంది. తన జబ్బు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎక్కడలేని మతిమరుపూ ముంచుకొస్తుంది. పోయిన నెల డాక్టరు, "ఇక టీలో చక్కెర పలుకు పడకూడదు," అంటే బుద్ధిమంతురాలిలా తల ఊపింది. తల ఊపడానికేం ఖర్చు!

ఆదివారం ఇంటినిండా చుట్టాలు దిగారు. ఎవరి టీలో చక్కెర వెయ్యాలో తేలక కోడలు తల పట్టుకుంది. కొత్తగా ప్రోగ్రాములు నేర్చుకుంటున్న మనవరాలు, "నా హోంవర్కూ ఇదేనమ్మా! పేరు కొడితే కంప్యూటరే చెప్పేస్తుంది," అని బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచింది.

పెదనాన్న అయితే చక్కెర వద్దు. అత్త అయితే చక్కెర వద్దు. బాబాయి అయితే... ఒక్కొక్కరికీ ఒక్కో వరుస రాసేసరికి తెర నిండిపోయింది.

"ఏమిటే ఈ అయితేల గోల?" అంది బామ్మ.

"నిజమే, మాస్టారు చెప్పిందే మర్చిపోయా. అందర్నీ ఒక్క జాబితాలో పెట్టి, పేరు అందులో ఉందా అని ఒక్కసారి అడిగితే చాలు. ఉంటే చక్కెర వద్దు, లేకపోతే వెయ్యి. షుగరున్న వాళ్ళెవరో చెప్పు బామ్మా."

లేకపోతే వెయ్యి! బామ్మ ప్రాణం లేచొచ్చింది.

"మీ పెదనాన్న, మీ అత్త, బాబాయి, పక్కింటి టైలరు, ఆయన బావమరిది, కాలం చేసిన మా మేనమామ..."

"పోయినాయనకి టీ ఎందుకు బామ్మా?"

"మాట వరసకన్నానే."

"ఇంకెవరూ లేరా?"

"నాకు గుర్తున్నంతవరకు ఇంతే," అంది బామ్మ గోడకేసి చూస్తూ.

మనవరాలు ఆవిడ మొహంలోకి ఓసారి చూసి, మళ్ళీ టకటకా ఏదో కొట్టింది. తర్వాత 'బామ్మ' అని కొట్టింది.

'చక్కెర వద్దు' అంది తెర.

"అదెలా? నా పేరు చెప్పనే లేదుగా!" అనేసి బామ్మ నాలిక్కరుచుకుంది.

ఇల్లంతా గొల్లున నవ్వింది.

"అందుకే తిరగేశా. ఇప్పుడిది చక్కెర వెయ్యదగ్గ వాళ్ళ జాబితా. ఉంటే వెయ్యి, లేకపోతే వద్దు. అమ్మ, అన్నయ్య, నేను ఉన్నాం. నువ్వు లేవు."

"ఎవరు పెంచారే నిన్ను?"

"నువ్వే."

అందరూ ముందుగదిలోకి వెళ్ళాక, బామ్మ ఒంటివేలితో అక్షరాలు వెతుక్కుంటూ 'అన్నయ్య' అని కొట్టింది. 'చక్కెర వెయ్యి' అంది తెర.

"కోడలుపిల్లా, చూశావా! కంప్యూటరే వెయ్యమంటోంది."

కోడలు వచ్చి తెర చదివింది. "దాని మాట కాదంటానా అత్తయ్యా," అంటూ రెండు చెంచాల చక్కెర వేసి, బాగా కలిపి, తీసుకెళ్ళి కొడుకు చేతికిచ్చింది.

వాడు ఊదుకుంటూ తాగుతుంటే, బామ్మ తన చప్పటి టీ పట్టుకుని పక్కన చేరింది.

"ఎలా ఉందిరా?"

"భలే ఉంది బామ్మా."

"ఉండదూ మరి! జాబితాలో ఉన్నావుగా," అని బామ్మ తన కప్పు ఒక్క గుక్కలో ఖాళీ చేసింది, మందు మింగినట్టు.