తెల్లరాళ్ళ గుర్తులు రాసిన అర్జీ

హనుమక్క తమ్ముడి సంచిలో సద్దరొట్టెలు, ఊరిబిండి పచ్చడి పెట్టింది. వాటిపైన అర్జీ పెట్టింది. మళ్ళీ తీసి అడుగున దాచింది. నూనె అంటుతుందేమోనని మళ్ళీ పైకి తెచ్చింది.

"ఎన్నిసార్లు సర్దుతావక్కా? బస్సు నీకోసం నిలబడతాదా?" అన్నాడు తిప్పయ్య.

గార్లదిన్నె అవతలి బీడులో బట్టమేక పిట్టలు పోయినేడు పదకొండు ఉండేవి. ఈ యేడు ఆరే. జీపుల్లో వచ్చే తుపాకులవాళ్ళు కాల్చుకుపోతున్నారు. ఆ పిట్టను కాల్చడం నేరమని చట్టం చేయమంటూ, పాత పత్రికలు కూడబలుక్కుంటూ తనంతట తాను చదువు నేర్చుకున్న హనుమక్క ఇప్పటికి రెండు అర్జీలు రాసింది. వాటిని పట్టుకెళ్ళిన తిప్పయ్యను కలెక్టరాఫీసు గుమాస్తా రెండుసార్లూ నవ్వి పంపించాడు.

"కరువులో మనుషులకే గంజి కేంద్రాలు పెడతాంటే పిట్టలకు చట్టమా? అసలు ఉండాయని రుజువేమప్పా? యాడుండాయో, ఎన్నుండాయో రాసుకొని రాపో."

అందుకే ఈసారి అన్నీ రాసింది. బట్టమేక ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుంది, అదీ వట్టి నేలమీద. గొర్రెలు తొక్కకుండా కాపరులు కొంచెం దూరంలో సున్నం పూసిన మూడు రాళ్ళు పెట్టి, మందను పక్కకు మళ్ళిస్తారు. బీడులో పారే వంకకు పడమట అలాంటి గుర్తులు రెండున్నాయనీ, పొద్దు పొడిచేవేళ తల్లులు గుడ్లమీదే ఉంటాయనీ పూసగుచ్చినట్టు రాసింది.

తిప్పయ్య అర్జీ ఇచ్చొచ్చిన పన్నెండో రోజు తెల్లవారుతూనే జీపు వచ్చింది.

"అక్కా! విచారణకు వచ్చినారు! దొర చేతిలో నీ అర్జీనే ఉండాది!" తిప్పయ్య తలగుడ్డ సర్దుకుని దారి చూపడానికి ముందు నడిచాడు.

వాళ్ళకు ఇద్దామని హనుమక్క చెంబుతో నీళ్ళు ముంచేలోపు తుపాకులు పేలాయి. వరుసగా మూడుసార్లు.

తిప్పయ్య వచ్చి గడపలో కూలబడ్డాడు. "నేనే చూపిస్తినక్కా."

"నువ్వేం చూపిస్తివిరా? నేను రాస్తి కదా, పెండ్లికి పిల్చినట్టు!" హనుమక్క కలం గోడకేసి కొట్టింది. సాయంత్రానికి వంగిన పాళీ సరిచేసుకుని నాలుగో అర్జీ రాసింది. పిట్టలున్న చోటు మాత్రం రాయలేదు.

నెల తిరిగాక, మొట్టమొదటిసారి, జవాబు వచ్చింది. "చోటు తెలుపని అర్జీని విచారించుటకు వీలులేదు."

ఆమె దాన్ని రెండుసార్లు పైకి చదివింది.

ఆరింటిలో మూడు ఆనాడే చచ్చాయి. ఎగిరిపోయిన మూడు బట్టమేకలు ఆ 1952 ఆషాఢం తర్వాత ఆ బీడుకు తిరిగి రాలేదు.