రెండు నిమిషాల తప్పు

రిజిస్ట్రార్లనీ డీన్లనీ వైస్ ఛాన్సలర్ ఇంటర్వ్యూకి తయారుచెయ్యడం నా పని. అరవయ్యేళ్ళవాళ్ళకి కూర్చోవడం, నవ్వడం, మంచినీళ్ళు తాగడం నేర్పాలి, ఖర్మ! ఎంతమంది నెగ్గారో మొన్నటిదాకా గొప్పగా చెప్పుకునేదాన్ని.

"మీరు చేసిన పెద్ద తప్పేమిటి?" అనే ప్రశ్న ఎవరికైనా తప్పదు. జవాబు రెండు నిమిషాలు. ఒక నిమిషం తప్పు, ఒక నిమిషం దిద్దుబాటు. నేను వాచీ పట్టుకుని కూర్చుంటాను.

పోయినేడాది ఒక రిజిస్ట్రార్ వచ్చాడు. మెత్తని మనిషి. ప్రశ్న వినగానే తల దించేశాడు.

"ఒక రీసెర్చి అమ్మాయండీ. ఆస్పత్రిలో ఉండి, థీసిస్ గడువు పెంచమని రెండ్రోజులు ఆలస్యంగా దరఖాస్తు పెట్టింది. రూలు ఒప్పుకోదన్నాను. నాలుగు రోజులు నా గది బయట బెంచీ మీద కూర్చుంది. నేను వెనక తలుపులోంచి వెళ్ళిపోయేవాణ్ణి. ఐదోరోజు ప్రాణం తీసుకుంది."

"తర్వాత మీరేం చేశారు?"

"ఏమీ చెయ్యలేదండీ."

నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల కోసం కాదు, జవాబు చెడినందుకు. సిగ్గు విడిచి చెబుతున్నాను.

"ఏమీ చెయ్యలేదంటే కుర్చీ ఎవరిస్తారండీ? రూలు మార్పించానని చెప్పండి."

"మార్పించలేదు కదా!"

"కుర్చీ ఎక్కాక మార్చండి. అప్పుడు అబద్ధమెలా అవుతుంది?"

పదకొండుసార్లు చెప్పించాను. "ఆ బెంచీ" అన్నాక ఒక్క క్షణం ఆగమన్నాను. చివరికి గొంతు సరిగ్గా అక్కడే వణికింది. నెగ్గాడు, తన యూనివర్సిటీకే వైస్ ఛాన్సలరయ్యాడు. పదవి తీసుకున్న రోజు సభలో కూడా అదే కథ చెప్పాడు. మార్చేశాడు కాబోలనుకుని చప్పట్లు కొట్టాను.

మా అన్నయ్య కూతురు అక్కడే రీసెర్చి చేస్తోంది. వదిన పోయాక నా చేతుల్లో పెరిగిన పిల్ల. పోయిన నెల ఆస్పత్రిలో పడి, జ్వరంతో కాలిపోతూ కూడా గడువు పెంచమని దరఖాస్తు రాస్తానంది.

"పడుకోవే తల్లీ, ఆ రూలు ఎప్పుడో మారింది" అని కాగితం లాగేసుకున్నాను.

దరఖాస్తు ఒక్కరోజు ఆలస్యమైంది. ఆరేళ్ళ పని. రూలు ఒప్పుకోదని ఉత్తరం వచ్చింది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నేను తీసిన గోతిలో పిల్ల పడింది.

ఇవాళ ఆ ఉత్తరం పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను. లేచి నమస్కారం పెట్టాడు.

"ఆ రూలు నేనే మార్పించాను మేడమ్. ఒక అమ్మాయి ఉండేది..." అంటూ మొదలుపెట్టాడు. "ఆ బెంచీ" దగ్గర ఆగాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిజం నీళ్ళే! నాకు తెలియకుండానే వాచీ చూసుకున్నాను. రెండు నిమిషాలు.

"మార్చలేదండీ! మీరేం మార్చలేదు! ఇదిగో, మీ ఆఫీసు ఉత్తరమే!" అని అరిచాను.

"గుమాస్తాల పొరపాటై ఉంటుంది. వచ్చేవారం కనుక్కుంటాను" అని మీటింగుకి వెళ్ళిపోయాడు, వెనక తలుపులోంచి.

బయట బెంచీ మీద మా పిల్ల కూర్చుని ఉంది. నాలుగు రోజులుగా అక్కడే కూర్చుంటోంది.

"ఏమన్నారత్తా?"

"ఆయన రూలు మార్చలేదే. మార్చానని చెప్పమన్నది నేనే."

దాని చెయ్యి పట్టుకునే చెప్పాను. అది నా చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది.

"ఇంటికెళ్ళత్తా" అంది.

వెళ్ళలేదు. దాని పక్కనే కూర్చున్నాను. కసిరినా, తిట్టినా ఇక్కణ్ణించి కదలను. రేపు ఐదోరోజు.