ఉరుకుతది అంటే

నాంపల్లి స్టేషన్ ముంగట నాది చాయ్ బండి. నా పేరు సమ్మక్క. చాయ్ తాగి సంచి మర్చిపోయి ఆటో ఎక్కినోళ్ల ఎంబడి నా బిడ్డ హాసిని ఉరికిందంటే, ఆటో మలుపు తిరగకముందే సంచి వాళ్ల చేతుల ఉంటది. గసొంటి పిల్ల అది!

దాని బడికి కొత్తగ శ్రీపతి సారని ఆటల సారొచ్చిండు. ఆయనది బందరు. ఓనాడు బండి కాడ చాయ్ తాగుకుంట, "అమ్మా, మీ పాప ఏ ఆటలో బావుంటుంది?" అనడిగిండు.

"ఉరుకుతది సార్! మస్తు ఉరుకుతది!" అన్న. సారు ఖుష్ అయిండు.

పోటీలు అబిడ్స్ దిక్కు స్టేడియంల. వంద మీటర్ల ఉరుకుడుల మొదాలొచ్చిన పిల్లకు స్పోర్ట్స్ స్కూల్ల సీటు. నా బిడ్డ నిద్రల గూడ గదే కలవరించేది. బండి బందువెట్టి పోయి చూస్తే, పిల్ల ఇసుక గుంత కాడ నిలవడి ఏడుస్తున్నది. సారు దాని పేరు లాంగ్ జంప్‌ల ఇచ్చిండట! అవుతల వంద మీటర్ల పిల్లలను పిలుస్తున్నరు.

నాకు మండింది. "ఏంది సార్ గిది? నేనేం చెప్పిన, మీరేం జేసిన్రు?"

"ఉరుకుతుందని మీరే కదమ్మా అన్నారు!"

"ఔ, అన్న!"

"ఉరకడమంటే దూకడమే కదా? చిన్నప్పుడు మేం కాలవలోకి ఉరికేవాళ్లం!"

"అయ్యో నా తండ్రీ! గది దుంకుడు! ఉరుకుడంటే రేసు సార్, రేసు!"

సారు మొఖం తెల్లబోయింది. "ఇప్పుడెలా?"

"ఎట్లేంది? జర ఉరుకుండ్రి!"

అప్పుడు సమజైంది సారుకు. బొజ్జ ఊగుకుంట మైదానం అడ్డంపడి ఉరికిండు. "తప్పు నాది, పిల్లది కాదు" అని పెద్దసార్లను బతిమాలిండు. రావలసిన పిల్ల ఒకామె రాలేదు. ఆ జాగ హాసినికిచ్చిన్రు.

టప్పుమని పిస్తోలు పేలంగనే పిల్లలు కదిలిన్రు. నేను పిలువకముందే తాడు అవుతల సారే ఒర్రుతున్నడు.

"ఉరుకు హాసినీ! ఉరుకు!"

నా బిడ్డ అందరికంటే ముంగట గీత దాటింది. కండ్లనిండ నీళ్లొచ్చినయ్ నాకు, గర్వంతోని ఛాతీ పొంగింది.

స్పోర్ట్స్ స్కూల్ మేడమొచ్చి సారునడిగింది, "ఈ పిల్లను లాంగ్ జంప్‌కు తెచ్చినవటగద? ఇంతకు ఏం జేస్తది?"

సారు నా దిక్కు చూసిండు. నడుము మీద చేతులేసుకొని, మా నాంపల్లోళ్ల లెక్కనే చెప్పిండు.

"ఉరుకుతది మేడం! మస్తు ఉరుకుతది!"